ఏడు వోల్టుల మునిరత్నం

మా మునిరత్నం ఇక లేడు. పోయిన మంగళవారం ఉదయం, తిరుపతిలో మేమిద్దరం కలిసి నడుపుకుంటున్న దుకాణంలో, తన స్టూలు మీద కూర్చుని, మూత విప్పిన ఒక కంప్యూటరు ముందు, చేతిలో స్క్రూడ్రైవరుతో, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ప్లైవుడ్ అడ్డుగోడకు ఇవతల, అతనికి పన్నెండడుగుల దూరంలో, నేను ఒక పెళ్లిపత్రికలో వధువు తాతగారి బిరుదులు దిద్దుతున్నాను. గుండె ఆగి అప్పటికే పావుగంట దాటి ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ పావుగంటా నేను అతనితో మాట్లాడుతూనే ఉన్నాను. ఉక్కపోత గురించి, తాతగారి బిరుదుల గురించి, మధ్యాహ్నం తినబోయే రాగిసంకటి గురించి. బదులు రాలేదు. పదిహేనేళ్లుగా నా మాటలకు అతని నుంచి బదులు రావడం అరుదు గనుక నాకు అనుమానమూ రాలేదు. టీ చల్లారిపోతోందని లోపలికి వెళ్లి భుజం తట్టినప్పుడు తెలిసింది. అతని ముందున్న కంప్యూటరులో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. దాని చప్పుడు వినాలంటే ఊపిరి బిగబట్టాలి. నేను బిగబట్టాను.

నలభై తొమ్మిదేళ్ల వయసులో ఒక నిశ్శబ్దోపాసకుడు అస్తమించాడు. యంత్రఘోషను పరమశత్రువుగా ఎంచి, ఒక్కొక్క వోల్టు తగ్గిస్తూ దానిని నేలకు దించిన ఏకాకి యోధుడు రాలిపోయాడు. నేను ప్రతిదాన్నీ పెంచి రాస్తానని, మా వీధికుక్కకైనా వంశచరిత్ర కట్టగలనని ఈ పత్రిక పాఠకులకు తెలుసు. ఈ వ్యాసంలో ఆ అలవాటు పూర్తిగా మానగలనని హామీ ఇవ్వలేను. కానీ ఇందులో ఒక మధ్యాహ్నం గురించి రాయాలి. ఆ మధ్యాహ్నం నేను చేసిన ఒక పని ఉంది. దానిని ఏడేళ్లు దాచాను. మునిరత్నం కూడా దాచాడు, నా కోసం. ఆ ఒక్కచోట అక్షరం పెంచను.

మునిరత్నం సత్యవేడు పక్కన ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి కథల చెంగల్రాయుడు. ఎండాకాలం జాతరల్లో ఆయన కథ చెబితే మైకు పెట్టేవాళ్లు కాదు, పెడితే మైకు చెడిపోతుందని. ఆయన సత్యవేడులో గొంతు సవరించుకుంటే నాగలాపురంలో గొడ్లు పలుపుతాళ్లు తెంపుకునేవని ఒక పెద్దమనిషి అంటూ ఉంటాడు. ఆ పెద్దమనిషిని నేనే. ఇంట్లో ఉప్పు అడిగినా యుద్ధం ప్రకటించినట్టు ఉండేది. అటువంటి గొంతు నీడలో పెరిగిన పిల్లవాడికి పెదవి దాటి మాట రావడమే కష్టమైంది. మా వైపు పిల్లలు అల్లరి చేస్తే "గమ్మునుండు" అని కసురుతాం. మునిరత్నాన్ని ఆ మాట అనవలసిన అవసరం బాల్యంలో ఎవరికీ రాలేదు.

చెంగల్రాయుడి దగ్గర ఎన్నో కథలున్నా, ఆయనది అనదగ్గ కథ ఒక్కటే. వాళ్ల ఊరి పొన్నాలమ్మ కథ. మేకలు తోలుకుపోయి తిరిగిరాని కొడుకును వెదుక్కుంటూ ఒక తల్లి ఏడు ఊళ్లు తిరుగుతుంది. ప్రతి ఊరి పొలిమేరలో నిలబడి "యాడుండావు నాయనా" అని పిలుస్తుంది. కథకుడు అలా పిలిచినప్పుడు వింటున్న ఊరంతా ఒక్క గొంతుతో "ఈడ లేడమ్మా" అని బదులు చెప్పాలి. ఆరు ఊళ్లకు ఆరుసార్లు. ఏడోసారి మాత్రం ఎవరూ పలకకూడదు. కథకుడూ పలకడు. వినేవాళ్లలో ఎవరి చంకలో బిడ్డ ఏడవబోయినా ఆ తల్లి అరచేత్తో నోరు మూస్తుంది. ఆ మౌనంలోనే కథలోని తల్లి రాయి అవుతుంది, రాయి అమ్మవారవుతుంది. ఈ కథ ఏ కాగితం మీదా లేదు. తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి నాలుగు తరాలు నడిచింది. అయిదో తరం మునిరత్నం. చిడతలు చేతికిస్తే అతను వాటిని చప్పుడు కాకుండా గూట్లో పెట్టి, రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాడు. తర్వాత టీవీలు. ఆ తర్వాత తిరుపతి వచ్చి కంప్యూటర్లు.

"పెట్టెలు తుడిసేదానికారా నిన్ను కనింది?" అని తండ్రి వచ్చినప్పుడల్లా అడిగేవాడు. కొడుకు పెట్టె తుడుస్తూ ఉండేవాడు.

ఇక ఫ్యాన్ల సంగతి. ఆ రోజుల్లో మా వైపు వచ్చే కంప్యూటర్లలో ఫ్యాన్లు చిన్నవి, పలచనివి. లోపలి మెదడు వేడెక్కకుండా గాలి విసరడం వాటి పని. మా ఎండల్లో అవి గుక్కపట్టి ఏడ్చేవి. మునిరత్నం వాటిని పీకేసి, చెన్నైలో పాతసామాన్ల సందుల్లో తూకానికి దొరికే పెద్ద పెద్ద యంత్రాల ఫ్యాన్లు తెచ్చేవాడు. అరచెయ్యి కంటే వెడల్పుగా, నల్లగా, పోట్లగిత్తల్లా ఉండేవి. మొదటిదానికి పూర్తి కరెంటిచ్చిన రోజు నేను మరిచిపోలేను. నా బల్ల మీది పెళ్లిపత్రికలు లేచి, వీధి దాటి, టీ కొట్టులో దిగాయి. రేణిగుంటలో దిగవలసిన విమానం మా సందులోకి తిరిగిందేమోనని జనం ఆకాశంలోకి చూశారు.

"చప్పుడు తగ్గించేదానికి తెచ్చింది ఇదేనా?" అన్నాను.

"రవ్వంతసేపు ఉండప్పా," అన్నాడు.

కంప్యూటరు లోపలి తీగల్లో పసుపుపచ్చదానిలో పన్నెండు వోల్టులు, ఎర్రదానిలో అయిదు, నల్లదానిలో సున్న. ఫ్యానును పసుపుకూ నలుపుకూ మధ్య తగిలిస్తే దానికి పన్నెండూ అందుతాయి. నల్లదాని నుంచి తీసి ఎర్రదానికి తగిలిస్తే, పన్నెండులో అయిదు పోను ఏడు. అతను చేసింది అంతే. విమానం కాస్తా దిగి, చెప్పులు విప్పి చేతబట్టుకుని, పాపాయి నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు నడవసాగింది. గాలి మాత్రం చిన్న ఫ్యాను రొప్పుతూ ఇచ్చేదానికంటే ఎక్కువే.

"బలముండేవాణ్ణి మెల్లింగా నడిపించాల. బలం లేనోణ్ణి పరిగెత్తిస్తే అరస్తాడు," అన్నాడు. పదిహేనేళ్లలో నేను విన్న అతని అత్యంత దీర్ఘోపన్యాసం అది. ఏడు అనే అంకె పడ్డాక మా ఊళ్లో ఊరుకుంటామా. "ఏడుకొండల కనెక్షన్" అని నేను బోర్డు రాయించాను. మరునాటికి దాన్ని అతను గోడవైపు తిప్పిపెట్టాడు.

ఈ విద్యలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. వోల్టులు తగ్గేకొద్దీ చప్పుడుతోపాటు ఫ్యాను సత్తువా తగ్గుతుంది. మరీ తగ్గిస్తే అది తనంతట తాను మొదలుకాలేదు, దారిలో ఏదైనా అడ్డొస్తే తోసెయ్యలేదు, ఆగిపోతుంది. ఆగితే కంప్యూటరు మెదడు నిమిషాల్లో మాడుతుంది. ఆ అంచు ఎక్కడుందో కనుక్కోవడానికి మునిరత్నం దగ్గరున్న పరికరం తన కుడిచేతి చూపుడువేలు. మెదడు నెత్తిన ఉండే లోహపు రేకుల మీద వేలు ఆనించి, పెదవులు మాత్రం కదుపుతూ లెక్కపెట్టేవాడు. పది దాకా వేలు ఓర్చుకుంటే క్షేమం. ఏడుకు అనుమానం. అయిదుకు వోల్టులు పెంచాలి. మూడుకే వేలు తీయవలసి వస్తే కరెంటు కట్టెయ్యాలి. తల్లి బిడ్డ నుదురు తాకి జ్వరం చెప్పినట్టు, ఆ వేలితో అతను వెయ్యి యంత్రాల జ్వరం చూశాడు.

చిత్తూరులో ఒక డాక్టరుగారు కంప్యూటరు కొని, రోగులను చూసే బల్ల పక్కనే పెట్టుకున్నారు. ఆ వారం ఆయన స్టెతస్కోపు పెట్టిన ప్రతి గుండెలోనూ తుపాను వినిపించింది. పదిమందిని వేలూరు పంపితే పదిమందీ పకోడీలు తింటూ తిరిగొచ్చారు. మునిరత్నం వెళ్లి ఏడు వోల్టులు తగిలించి వచ్చాక జిల్లాలో హృద్రోగాలు అమాంతం సద్దుమణిగాయి. ఆ డాక్టరుగారు ముచ్చటపడి, "నీ గుండె కూడా ఒకసారి వింటాను, కూర్చో" అన్నారట. "నాదానికేం సార్, గమ్మునే ఉండాది," అని ఇతను సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. కూర్చుని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ మధ్యాహ్నానికి వస్తాను.

ఏడేళ్ల కిందట, మే నెలలో, చెంగల్రాయుడి గొంతులో పుండు బయటపడింది. వేలూరులో పెద్ద డాక్టర్లు చూసి స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఉండదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు మునిరత్నం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అతను తనంతట తానుగా వచ్చి నిలబడటం అపూర్వం.

"నాయన కత రికార్డు చెయ్యాలప్పా. అమ్మ కత."

"టేపురికార్డరులో పెడితే సరిపోదా?"

"ముందు పెట్టిన రెండు క్యాసెట్లకూ బూజు పట్టింది. ఇది పోగూడదు." స్క్రూడ్రైవరు నా బల్ల మీద పెట్టాడు. "నాలుగు తరాలు మోసుకొచ్చినారు. నా కాడికొచ్చి నిలిచిపోయింది."

"ఆయన ఎన్నిసార్లు చెప్పగలడు?"

"ఒకసారే. అర్ధగంటకు మించి మాట్లాడగూడదన్నారు. దగ్గితే రగతం పడతాండాది."

మా వీధి రోజు మొత్తంలో ఒక్క వేళే నోరు మూస్తుంది: మిట్టమధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. కరెంటు కోత రెండింటికి ముగుస్తుంది. జనం తలుపులు వేసుకుని పడుకుంటారు. కాకులు కూడా వాయిదా వేసుకుంటాయి. అయితే ఎండ పరాకాష్ఠకు చేరేదీ అదే వేళ. ముందురోజు పరీక్ష చేశాం. మైకు తీగ రెండు మూరలే ఉంది గనుక కంప్యూటరును దూరం జరిపే వీలు లేదు. రికార్డు చేసి వింటే ఏడు వోల్టుల గాలి, సన్నగా, దూరంగా ఎవరో ఊదుతున్నట్టు వినిపించింది. ఏడో పిలుపు తర్వాత వచ్చే మౌనంలో ఆ ఊదుడు ఉండకూడదు.

"అయిదుకు దించాల," అన్నాడు మునిరత్నం.

ఆ ఫ్యాను అయిదుతో మొదలుకాదు. అందుకని పన్నెండుతో మొదలుపెట్టి, ఒక చిన్న స్విచ్చు తిప్పి అయిదుకు దింపేటట్టు అమర్చాడు. రెండు గంటలు నడిపి చూశాడు. వేలు ఎనిమిది దాకా ఓర్చుకుంది. "ఎనిమిదంటే సాలు," అన్నాడు. ఆ రికార్డింగు ప్రోగ్రాముకు ఒక దుర్గుణం కూడా ఉంది: అంతా అయ్యాక మనం దాచమంటేనే దాచుకుంటుంది. మధ్యలో యంత్రం ఆగిందా, అంతవరకు విన్నదంతా మరిచిపోతుంది.

మరునాడు రెండింటికి చెంగల్రాయుడు వచ్చాడు, మునిరత్నం భార్య సరోజ చెయ్యి పట్టుకుని. సాయంత్రం అయిదింటి బస్సుకు వేలూరు వెళ్లాలి. కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కిన మా దుకాణాన్ని ఒకసారి చూశాడు.

"ఏమప్పా పెండ్లిపత్రికలాయనా, గాలి గూడా అమ్ముకున్నావా?" అన్నాడు బొంగురుగా.

"మీ కతకు జాగా కావాలని కాళీ చేసినా పెద్దాయనా."

ఆయన కంప్యూటరు చుట్టూ చూపు తిప్పాడు. "కతకు ముందు వాయిద్యాలకు బొట్టుపెట్టి పూలెయ్యాల. నా చిడతలు పట్టేవాడు ఎట్లాగూ లేడు. ఈడ వాయిద్యం ఇదే గదా. దీనికే ఏయండి."

"బొట్టు పెట్టుకో నాయనా. పూలొద్దు," అన్నాడు మునిరత్నం.

"పూలు ఏం సేసినాయిరా నిన్ను?"

మునిరత్నం కుంకుమ పెట్టనిచ్చి, ఎదురింటివాళ్లను కాసేపు కూలరు ఆపమని బతిమాలడానికి బయటికి వెళ్లాడు.

నేను పెంచకుండా రాస్తానన్న చోటు ఇదే. సరోజ తెచ్చిన మల్లెపూల దండ తీసుకుని నేను కంప్యూటరు పెట్టె మీద వేశాను. ముసలాయన ముఖం చిన్నబోయిందన్న జాలి కొంత. యంత్రానికి దండ చూసి మునిరత్నం ముఖం ఎలా మారుతుందో చూడాలన్న కొంటెతనం చాలా. వేడి లోపల నిలవకుండా పెట్టె పక్కమూత తీసి ఉంది. దండ కొస ఒకటి అటువైపు వేలాడింది.

మునిరత్నం లోపలికొస్తూనే ట్యూబులైటు ఆర్పాడు. దానికీ ఒక గుయ్యిమనే రొద ఉంటుంది. మిగిలింది ప్రమిదలో దీపం. ఆ వెలుగులో అతనికి దండ కనిపించలేదు. నేను చెప్పలేదు. నవ్వు ఆపుకుంటున్నాను. ఫ్యాను ఒక్కసారి గర్జించి, స్విచ్చు తిప్పగానే గొణిగి, మాయమైంది. అతను తండ్రికి చేత్తో సైగ చేశాడు.

ఆ బొంగురు గొంతులోంచి పాత గొంతు లేచింది. ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. "యాడుండావు నాయనా" అన్న మొదటి పిలుపుకే నా వెన్ను నిటారైంది. ఊరంతటికీ బదులుగా నేనూ సరోజా "ఈడ లేడమ్మా" అన్నాం. రెండో ఊరు. మూడో ఊరు. చెమట నా మెడ మీంచి కాలువలై, తలకోనలో జలపాతానికి నీళ్లు తక్కువైతే పంపగలిగినంతగా పారుతోంది. మునిరత్నం పెట్టె పక్కన గొంతుకూర్చుని, వేలు లోపల పెట్టి, పెదవులు కదుపుతున్నాడు. ఆ పెదవులు చదవడం నాకు అప్పటికి బాగా వచ్చు. ఎనిమిది. నాలుగో ఊరు. ఎనిమిది.

అయిదో ఊరి పొలిమేరలో, ఆరు.

అతను తలవంచి లోపలికి చూశాడు. ఫ్యాను ఆగిపోయి ఉంది. అతని ఫ్యాను తిరుగుతుంటే చప్పుడు లేదు గనుక, ఆగినప్పుడూ తెలియలేదు. చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది. పన్నెండుకు తిప్పితే కథ నడుమ విమానం లేస్తుంది. చెయ్యి వెనక్కి వచ్చింది. తండ్రిని ఆపితే మళ్లీ మొదటినుంచి చెప్పే గొంతు లేదు. ఆపకపోతే మెదడు మాడి, నడిచిన అయిదు ఊళ్లూ మాయమవుతాయి. పెదవులు మళ్లీ కదిలాయి. అయిదు.

భుజం మీది తువ్వాలు తీసి ఎడమచేత్తో ఆ రేకుల మీదికి విసరసాగాడు. ఉత్సవమూర్తికి చామరం వీచినట్టు, గుడ్డ చప్పుడైనా కానివ్వకుండా. అంతటి బలమైన ఫ్యాన్లను ఏరి తెచ్చినవాడు సున్న వోల్టుల గాలితో నెట్టుకొస్తున్నాడు. సరోజను కళ్లతోనే పిలిచి తువ్వాలు అందించాడు. ఆమె విసురుతుంటే, చీపురుపుల్లతో ఫ్యాను రెక్కను తోశాడు. కదల్లేదు. ఆరో ఊరు వచ్చింది. "ఈడ లేడమ్మా" అన్నాను. నా ఒక్క గొంతే. పెదవులు నాలుగు దగ్గర ఆగాయి.

రెండు వేళ్లు రెక్కల మధ్యకు పోనిచ్చి తడిమాడు. బయటికి వచ్చింది తెల్లటి దారం, ఒక నలిగిన మల్లెపువ్వు. పన్నెండు వోల్టుల ఫ్యాను అయితే ఆ దండను తునాతునకలు చేసి విసిరేది. అయిదు వోల్టుల ఫ్యాను దానికి లొంగిపోయింది. మునిరత్నం దీపం మీదుగా నన్ను చూశాడు. కోపం ఉంటే బాగుండేది. ప్రశ్న కూడా లేదు. అతనికి తెలిసింది, అంతే. దారం ఇరుసుకు చుట్టుకుని ఉంది. లాగితే చప్పుడవుతుంది. ఒక్కొక్క చుట్టూ విప్పుతూ, విప్పినంతమేర జేబులోకి తోస్తూ, మధ్యమధ్య వేలు రేకుల మీద ఆనిస్తున్నాడు.

ఏడో ఊరు. "యాడుండావు నాయనా."

చెంగల్రాయుడు ఆగాడు. ఎవరూ పలకలేదు. సరోజ తువ్వాలు గాల్లోనే నిలిపేసింది. ఆ మౌనంలో, జీవితమంతా పెదవులతోనే లెక్కపెట్టిన మనిషికి, ఆ ఒక్కసారి గొంతు పెగిలింది.

"ఒకటి... రెండు... మూడు."

వేలు ఎగిరిపడింది. మూడంటే కరెంటు కట్టెయ్యాలి. అతను కట్టలేదు. దారం చివరి చుట్టు ఊడదీసి, కాలిన ఆ వేలితోనే రెక్కను ఒక్క తోపు తోశాడు. ఫ్యాను తటపటాయించి, ఒకసారి తిరిగి, మళ్లీ తిరిగింది. తండ్రి కథలో తల్లి రాయి అయింది, రాయికి పసుపు పూశారు, ఊళ్లో వానలు పడ్డాయి. పెదవులు అయిదుకు వచ్చాయి, ఏడుకు వచ్చాయి. మంగళం పాడి ముసలాయన చేతులు జోడించాడు. నేను దాచమన్నాను. యంత్రం దాచుకుంది.

దగ్గు తెర తగ్గాక చెంగల్రాయుడు కొడుకు వైపు తిరిగాడు.

"ఏందిరా అది, అమ్మ రాయయ్యే కాడ ఒకటి రెండు అని? జాతరలో సంకలో బిడ్డ గూడా నోరు మూసుకోనుంటాది. ఒక్క గడియ గమ్మునుండేదానికి సాతగాలేదా నీకు?"

ఆ మాట అతన్ని ఒకరు అనడం అదే మొదలు.

"నా లెక్క తప్పింది నాయనా. అయిదు వోల్టులు సాలలా," అన్నాడు మునిరత్నం. కాలిన వేలు జేబులో ఉంది, దారం పక్కన.

"పెట్టెలే బతుకనుకున్నావు. ఆ పనైనా తిన్నంగా సెయ్యి," అన్నాడు తండ్రి. ఆ తర్వాత గొంతు నొప్పికి నోరు తెరవలేదు. మరునాడు ఆపరేషను జరిగింది. ఆయన తన కొడుకుతో నోటితో అన్న ఆఖరి మాటలు అవి. నోరు విప్పితే లోకాన్ని నవ్వించగలనని పేరున్న నేను అక్కడే, వాళ్లిద్దరి మధ్యే నిలబడి, నోరు విప్పలేదు.

వారం తర్వాత, ఆ మూడు అంకెలను రికార్డులోంచి కోసేద్దామా అని అడిగాను. నా తప్పుకు మిగిలిన గుర్తు అదొక్కటే గదా. దండ మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వేలికి కట్టు ఉంది.

"ఉండనీప్పా," అన్నాడు. "అది కోస్తే నాయన ఆగింది గూడా తెగిపోతాది."

ఇప్పుడు, మునిరత్నం పోయిన మూడోనాడు పాలు పోసి వచ్చాక సరోజ నన్ను అడిగింది: "ఆయన గొంతు యాడన్నా ఉండాదా అన్నా? ఫోనులోనో, క్యాసెట్టులోనో, యాడో ఒక కాడ?" వెదికాం. పెళ్లి వీడియోలో అతను నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఎందరి యంత్రాల రొదనో మాన్పినవాడు తన గొంతు ఎక్కడా వదలలేదు. మిగిలినవి ఆ మూడు అంకెలు. అతను కూర్చిన కంప్యూటరులోనే కథ పెట్టాను. చెంగల్రాయుడు గోడకానుకుని కూర్చున్నాడు, ఒళ్లో పలకతో. ఏడేళ్లుగా ఆయన నోరు ఆ పలకే. ఆరు ఊళ్లు గడిచాయి. ఏడో పిలుపు వచ్చింది. "యాడుండావు నాయనా." ఆయన గొంతే, పాతది, నిండుగా. ఆ తర్వాత, ఎవరూ పలకకూడని చోట, మునిరత్నం. ఒకటి, రెండు, మూడు.

ముసలాయన చెయ్యెత్తాడు. నేను ఆపాను. ఇక అప్పుడు చెప్పాను. "దండ ఏసింది నేను పెద్దాయనా. దారం ఫ్యానుకు సుట్టుకున్యాది. వాని లెక్క తప్పలా."

ఆయన పలక మీద మెల్లగా రాశాడు: "వాడు చెప్పలా." పంచె చెంగుతో తుడిచాడు. మళ్లీ రాశాడు: "ఇంకోసారి పెట్టు." ఎన్నిసార్లు పెట్టానో నేను లెక్కపెట్టలేదు.

ఇటువంటి మనిషిని ఈ జిల్లా మళ్లీ చూస్తుందని నేననుకోను. నిందను కూడా చప్పుడు కాకుండా మోసిన ఆ సహృదయుడికి నా కన్నీటి అంజలి. స్టూలు ఖాళీగా ఉంది. ఆ మంగళవారం అతని ముందున్న కంప్యూటరును నేను అక్కడే ఉంచాను. కరెంటు పోయి వచ్చినప్పుడు దాని ఫ్యాను ఒక్కోసారి తనంతట తాను కదలదు. లోపలికి వెళ్లి చూపుడువేలితో ఒక్క తోపు తోసి, రేకుల మీద వేలు ఆనించి లెక్కపెడతాను. తర్వాత ఇవతలికి వచ్చి కూర్చుంటే, అడ్డుగోడ వైపు తిరిగి, యాడుండావప్పా అని అడగాలనిపిస్తుంది. ఈ వీధంతా కలిసి చెప్పే బదులు నాకు తెలుసు. అందుకని అడగను. గమ్మునుంటాను.